రెండు తూనికరాళ్లు

బెరయలో పౌలు బోధిస్తున్నాడు. అంతటి అపొస్తలుడు చెబుతున్నా అక్కడివారు ఊరకే తల ఊపలేదు. ప్రతిదినం లేఖనాలు తెరిచి, ఆయన చెప్పేది అలాగే ఉందో లేదో చూసుకున్నారు. లూకా వారిని అల్పవిశ్వాసులని నిందించలేదు, ఘనులని మెచ్చుకున్నాడు (అపొ.కా. 17:11). పరీక్షించడం అవిశ్వాసం కాదు. ఈ పాఠాన్ని మన కాలంలో గుర్తుచేసిన సంగతులు రెండున్నాయి.

మొదటిది. 2012 సెప్టెంబరు 18న రోములో జరిగిన కోప్తు భాషా పండితుల మహాసభలో హార్వర్డ్ ఆచార్యురాలు కారెన్ కింగ్ ఒక పపైరస్ ముక్కను గురించి ప్రకటించారు. విజిటింగ్ కార్డంత ముక్క. అందులో యేసు తన భార్యను ప్రస్తావించినట్టు ఉందన్నారు. ప్రభువుకు పెళ్లయిందని ఇది రుజువు చేయదనీ, తర్వాతి కాలపు క్రైస్తవుల్లో కొందరి ఆలోచనను మాత్రమే చూపుతుందనీ ఆమే చెప్పారు. అయితే ఆ మాట ఎవరికి పట్టింది? ప్రపంచమంతటా పత్రికలు, టీవీలు హోరెత్తాయి.

పండితుల పత్రికలో వ్యాసం అచ్చు కావాలంటే సాటి పండితులు చదివి, తప్పులెంచి, దిద్దించాలి. అందుకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈసారి మాత్రం కొద్దిరోజుల్లోనే బహిరంగ పరిశీలన మొదలైంది. డర్హమ్ విశ్వవిద్యాలయ పండితుడు ఫ్రాన్సిస్ వాట్సన్ తన పరిశీలనను ఇంటర్నెట్‌లో పెట్టారు. ముక్కలోని మాటలు ‘తోమా సువార్త’ అనే ప్రాచీన కోప్తు గ్రంథం నుంచి ఏరి అతికించినట్టున్నాయన్నారు. ఆ గ్రంథానికి ఇంటర్నెట్‌లో ఉన్న ఒక ప్రతిలోని టైపింగు తప్పు ఈ ముక్కలోనూ కనబడుతోందని ఆండ్రూ బెర్న్‌హార్డ్ చూపించారు. ప్రాచీన లేఖకుడు మన కాలపు టైపింగు తప్పును చూసి రాయగలడా?

2014 ఏప్రిల్‌లో హార్వర్డ్ వారి పత్రిక కింగ్ వ్యాసాన్ని ప్రచురించింది. పపైరస్ పాతదేనని ప్రయోగశాలలు చెప్పాయి. ఇక వాదం ముగిసినట్టే కనబడింది. అదే నెలలో క్రిస్టియన్ అస్కెలాండ్ ఒక బ్లాగులో మరో సంగతి బయటపెట్టారు. అదే యజమాని దగ్గర నుంచి యోహాను సువార్త ముక్క కూడా ఒకటి వచ్చింది. చేతిరాత అదే. దాని పంక్తులు 1924లో హెర్బర్ట్ థాంప్సన్ అచ్చు వేయించిన పుస్తకంలోని పంక్తులతో, ఒకటి విడిచి ఒకటి చొప్పున, సరిగ్గా అక్కడికక్కడే ముగుస్తున్నాయి. పపైరస్ పాతదే, రాత కొత్తది! 2016లో పాత్రికేయుడు ఏరియల్ సబార్ ఆ యజమాని చరిత్రను వెలికితీశాక, ఆధారాలు నకిలీ వైపే మొగ్గుతున్నాయని కింగ్ కూడా ఒప్పుకున్నారు.

ఇది విని మనం సంతోషిస్తాం. అయితే రెండో సంగతి కూడా వినాలి.

అదే 2012 ఫిబ్రవరిలో, నూతన నిబంధన పండితుడు డేనియల్ వాలెస్ మరో పండితుడు బార్ట్ ఎర్మన్‌తో జరిగిన బహిరంగ చర్చలో, మొదటి శతాబ్దానికి చెందిన మార్కు సువార్త ముక్క ఒకటి బయటపడిందని ప్రకటించారు. ఇతరులు పరీక్షించడానికి ఫొటో లేదు, వ్యాసం లేదు. అయినా మనం ఆగామా? మేమూ ఆగలేదు. ఒక ఆదివారం ప్రసంగంలో ఉత్సాహంగా చెప్పేశాం. సంఘమంతా ఆమేన్ అంది.

2018లో ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ సొసైటీ ఆ ముక్కను ప్రచురించింది. మార్కు మొదటి అధ్యాయంలోని కొన్ని వచనాలున్న ఆ ముక్క రెండో శతాబ్దం చివరిదో, మూడో శతాబ్దం ఆరంభానిదో అని పండితులు నిర్ణయించారు. అదీ అపురూపమైనదే. కాని మేము చెప్పింది అది కాదు. వాలెస్ బహిరంగంగా ఎర్మన్‌కు క్షమాపణ చెప్పారు. మరి మేము? అదే పల్పిట్ మీద నిలబడి మాట సవరించుకోవడానికి నాలుక ఎంత బరువైందో దేవునికే తెలుసు. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, “అయ్యగారూ, మందిరానికి రావడం మానేసిన మా అబ్బాయికి అదే చెప్పి ఒప్పించబోయానండీ. ఇప్పుడేం చెప్పమంటారు?” అన్నారు. మా దగ్గర జవాబు లేదు. “నిజమే చెప్పండి, తప్పు మాదని చెప్పండి” అన్నాం.

సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకోవడం యెహోవాకు హేయమని సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది (20:10). మనకు నచ్చని ముక్క వచ్చినప్పుడు పెద్ద రాయి వేసి తూచాం. నచ్చిన ముక్క వచ్చినప్పుడు అసలు తూచనేలేదు. సంతలో చేస్తే మోసమయ్యేది పల్పిట్ మీద చేస్తే సువార్త అవుతుందా?

బ్లాగుకు వేగముంది, పండితుల పత్రికకు నిదానముంది. రెండింటిలోనూ మనుషులే ఉన్నారు కనుక రెండూ తప్పవచ్చు. తప్పును వెలుగులోకి తెచ్చింది, ఎవరైనా చూసి ప్రశ్నించేలా ఆధారాలను ముందుంచడమే. లూకా కూడా అన్నిటినీ మొదటినుంచి జాగ్రత్తగా విచారించాకే తన సువార్త రాశానన్నాడు (లూకా 1:1-4).

ప్రియులారా, రేపు వాట్సాప్‌లో బైబిలును రుజువు చేసే వార్త ఒకటి వస్తుంది. పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం: ఎవరు చూశారు? ఎక్కడ ప్రచురించారు? తెలిసినవారు పరీక్షించారా? మన విశ్వాసం పపైరస్ ముక్క మీద నిలబడలేదు, తిరిగి లేచిన ప్రభువు మీద నిలబడింది. సత్యమే తానైన ఆయనకు మన అబద్ధాల సాయం అక్కరలేదు.