చిట్టా కొట్లోనే ఉండాలి

2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు రేగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. చాలాచోట్ల అది తిరిగి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు సంచిలో వేసుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదికి, ఏటికి అవతలి ఊళ్లకు వెళ్లారు. ఉద్యోగి ఊరు దాటి వెళ్లగలడు. కొట్టు నడిపేవాడు కొట్టును ఎక్కడికి మోసుకెళ్తాడు?

నెట్ పోవడానికి అల్లర్లే అక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి గాలికి స్తంభం కూలితే దాని మీది కేబులూ తెగుతుంది. కరెంటు రాకపోతే టవర్ బ్యాటరీలు కొన్ని గంటల్లో దిగిపోతాయి. కేబుల్ ఒక్కటే తెగితే వేరే కంపెనీ సిమ్ ఆదుకుంటుంది. అన్నీ ఒకేసారి ఆగితే అదీ పనికిరాదు.

క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో మన లెక్కలు ఎక్కడో దూరాన డేటా సెంటర్‌లో ఉంటాయి. కొన్నింట్లో ప్రతి బిల్లుకీ అక్కడిదాకా వెళ్లి అడిగి రావాలి. దారి తెగిందంటే బేరం ఎదురుగా ఉన్నా బిల్లు రాదు.

దీనికి మందు మన పాత గుమాస్తాలకు తెలుసు. పగలంతా చిట్టా రాసేవారు. తీరిక దొరికాక అందులోంచి ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి, పద్దులు ఎక్కించేవారు. ఆఫ్‌లైన్‌లో పనిచేసేలా కట్టిన సాఫ్ట్‌వేర్ పద్ధతీ ఇదే. సరుకుల పట్టిక, ధరలు, ఖాతాదారుల పేర్లు ముందే కొట్లోని కంప్యూటర్‌లో దాచుకుంటుంది. బిల్లు పడగానే అక్కడే రాసుకుని వరసలో పెడుతుంది. నెట్ వచ్చాక ఒక్కొక్కటే పైకి ఎక్కిస్తుంది.

చిక్కంతా ఆ ఎక్కించడంలోనే ఉంది. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర 100 బస్తాల కురిడీ ఉందనుకోండి. నెట్ లేని పూట కొట్లో 30 బస్తాలు, గొడౌన్‌లో 20 బస్తాలు అమ్మారు. కొట్టు కంప్యూటర్ ‘నిల్వ 70’ అనీ, గొడౌన్ ఫోను ‘నిల్వ 80’ అనీ పంపితే, ఆఖరున చేరిన అంకె మొదటిదాన్ని చెరిపేస్తుంది. రెండూ తప్పే. మంచి సాఫ్ట్‌వేర్ నిల్వను పంపదు, అమ్మకాలను పంపుతుంది. 30, 20 రెండూ చేరాక మిగిలింది 50 అని పైన లెక్క తేలుతుంది. బిల్లు నంబర్లూ అంతే. కొట్టుకు ‘కొ-101’, గొడౌన్‌కు ‘గొ-101’ అని వేరువేరు వరసలుంటే ఒకదానితో ఒకటి కలవవు. మధ్యలో నెట్ తెగి అదే బిల్లు రెండోసారి వెళ్లినా, ఆ నంబరు ముందే ఉందని గుర్తించి వదిలేస్తుంది.

అన్ని పనులూ ఇలా ఆగి చేసేవి కావు. టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటినవాళ్లు వ్యాపార సంస్థలకు ఇచ్చే బిల్లులకు ఇ-ఇన్వాయిస్ నంబరు ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. డబ్బు చేరిందో లేదో బ్యాంకే చెప్పాలి. నెట్ లేకపోయినా మాట్లాడే సిగ్నల్ ఉంటే *99# నొక్కి 5,000 రూపాయల దాకా యూపీఐ చెల్లింపు చేయవచ్చు. బ్యాంకు మెసేజ్ చూసుకున్నాకే సరుకు ఇవ్వాలి.

సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. అమ్మేవాడి ఎదుటే నెట్ వైరు పీకేయండి. ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. చాలా వాటి గుట్టు ఇక్కడే బయటపడుతుంది, పాస్‌వర్డ్ అడిగి అక్కడే ఆగిపోతాయి. తెరుచుకుంటే మూడు బిల్లులు కొట్టి, ప్రింటు తీసి, వైరు తిరిగి పెట్టండి. పైన సరిగ్గా మూడే కనబడాలి.

ఇంకో జాగ్రత్త. పైకి ఎక్కని బిల్లులకు ఆ కంప్యూటరే ఏకైక ఆధారం. 2022 జూలైలో గోదావరి వరద లంక ఊళ్లలోని ఇళ్లలోకి వచ్చింది. నీళ్లు వచ్చే చోట ఉన్నవాళ్లు రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి ఒక నకలు తీసి అటక మీద పెట్టుకోవాలి. కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు ఇన్వర్టర్ ఉండాలి. ఆవర్జా ఎక్కడైనా ఉండనివ్వండి, ఈ రోజు చిట్టా మాత్రం మీ కొట్లోనే ఉండాలి.