రాకెట్ తేదీకి రైలు టికెట్ కుదిరేదెలా?

సూరత్‌లో పనిచేస్తున్న మన తెలుగు స్టాఫ్ ఇళ్లలో పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "రాకెట్ మన నెల్లూరు పక్కనుంచే వెళ్తుంది కదా, మనం టీవీలో ఎందుకు చూడాలి?" న్యాయమైన ప్రశ్నే. శ్రీహరికోటలో మామూలు జనం కూర్చుని చూడటానికి 2019 మార్చి 31న గ్యాలరీ తెరిచారు. మర్నాడే పీఎస్ఎల్వీ సీ45 ప్రయోగాన్ని జనం అక్కడి నుంచి చూశారు. టికెట్ లేదు. పేరు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి.

చిక్కంతా తేదీల దగ్గరే. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. గ్యాలరీ రిజిస్ట్రేషన్ మాత్రం ప్రయోగానికి కొద్ది రోజుల ముందే మొదలవుతుంది. ఆదిత్య ఎల్1 సంగతే చూడండి. 2023 సెప్టెంబరు 2న ప్రయోగమని ఆగస్టు 28న ప్రకటించారు, మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు రిజిస్ట్రేషన్ తెరిచారు. చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. సూరత్ నుంచి నవజీవన్‌లో గూడూరు చేరడానికే ఒక రోజు పైన పడుతుంది. పైగా అది మొదటి శనివారం, మనకు పనిదినం! అప్పు దీర్ఘకాలానికిచ్చి డిపాజిట్ స్వల్పకాలానికి తీసుకుంటే బ్యాంకుకు ఏ తలనొప్పి వస్తుందో, ఇక్కడ కుటుంబానికీ అదే.

ఇక తేదీ వచ్చాక కూడా రాకెట్ ఆగవచ్చు. చంద్రయాన్-2ను 2019 జులై 15 తెల్లవారుజామున 2.51కి పంపాల్సి ఉండగా 56 నిమిషాల ముందు ఆపేశారు. వెళ్లింది 22న. 2024 డిసెంబరు 4న ఎగరాల్సిన ప్రోబా-3 ఒక రోజు జరిగింది. గగన్‌యాన్ కోసం చేసిన 2023 అక్టోబరు 21 నాటి పరీక్షలో అయితే కౌంట్‌డౌన్ 5 సెకన్ల దగ్గర నిలిచిపోయి, లోపం సరిచేశాక ఉదయం 10 గంటలకు ప్రయోగం జరిగింది. ఇలా ఆపడం తప్పనిసరి. పీఎస్ఎల్వీ మొదటి దశలో ఉండేది ఘన ఇంధనం. ఒకసారి అంటుకుంటే మధ్యలో ఆర్పే వీలుండదు. అనుమానం వస్తే నిప్పు పెట్టకముందే ఆగాలి.

అందుకే నా సలహా: రాకెట్ కోసమే సూరత్ నుంచి బయలుదేరకండి. ఊరికి వెళ్లే పని ఎలాగూ ఉంటుంది కదా, దాన్ని ప్రయోగం జరిగే అవకాశమున్న నెలకు జరుపుకోండి. మేము ఆదిత్యను చూడగలిగింది అలాగే. నెల్లూరులో మా అత్తగారి తరఫు పెళ్లికి ముందే సెలవు పెట్టాం, ఎల్ఎఫ్‌సీ కూడా అప్పటికే మంజూరైంది. రిజిస్ట్రేషన్ తెరిచిన వెంటనే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంది. నెల్లూరు నుంచి సూళ్లూరుపేట వంద కిలోమీటర్ల లోపే కాబట్టి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాం. చెన్నై వైపు నుంచి వచ్చేవాళ్లకు సుమారు 80 కిలోమీటర్లు, సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లున్నాయి.

సూళ్లూరుపేట దాటాక రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. గ్యాలరీ స్టేడియం మెట్లలా ఉంటుంది. టోపీ, నీళ్లు మరవకండి. పక్కనే మ్యూజియం, నిలువెత్తు నమూనాలతో రాకెట్ తోట ఉన్నాయి.

పిల్లలకు ముందే రెండు సంగతులు చెప్పి తీసుకెళ్లండి. ఒకటి, వెలుగు ముందు, చప్పుడు తర్వాత. ధ్వని కిలోమీటరు దూరం రావడానికి సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది. మంట కనిపించగానే అంకెలు లెక్కపెట్టమనండి, వచ్చిన సంఖ్యను 3తో భాగిస్తే లాంచ్‌ప్యాడ్ ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలిసిపోతుంది. మా అమ్మాయి లెక్క పెడుతూ పెడుతూ మధ్యలో కేకలు వేసి మరిచిపోయింది, అది వేరే సంగతి. ఆ చప్పుడు చెవులకన్నా ముందు గుండెల్లో తెలుస్తుంది. టీవీ చూపించలేనిది అదే.

రెండోది, శ్రీహరికోటే ఎందుకన్న ప్రశ్న. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. ఆ అక్షాంశంలో నేల వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు అంత వేగం ఊరికే దక్కుతుంది. పైగా ఎదురుగా బంగాళాఖాతం, రాలిపడే భాగాలు ఊళ్ల మీద పడవు. మన సూరత్ ముందున్నది అరేబియా సముద్రమే అయినా, అది పడమట ఉంది.

ఆదిత్య 11.50కి లేచింది. 44 మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువున్న రాకెట్ కొద్ది నిమిషాల్లోనే పొగచార మాత్రం మిగిల్చి కనుమరుగైంది. అది మోసుకెళ్లిన ఉపగ్రహం బరువు దాదాపు 1,480 కిలోలు. అంటే మేము చూసిన దానిలో చాలా భాగం ఇంధనమే. గంట పైన అయ్యాక ఉపగ్రహం విడిపోయిందన్న కబురు తిరుగు దారిలో ఫోన్‌లో తెలిసింది.

ఒకవేళ ప్రయోగం ఆగిపోతే? ఆ రోజుకు మరో కార్యక్రమం చేతిలో ఉంచుకోండి. గూళ్లు కట్టుకునే గూడబాతులకు పేరుపడ్డ నేలపట్టు అక్కడికి దగ్గరే. చలికాలమైతే పులికాట్‌లో రాజహంసలు దిగుతాయి. శ్రీకాళహస్తి, తిరుపతి అదే రోజు వెళ్లగలిగినంత దూరం. తిరుగు టికెట్ మాత్రం మర్నాటికి కాకుండా రెండు రోజుల తర్వాతకు తీసుకోండి. ఒక్క రోజు వాయిదా అయితే రెండోసారి ప్రయత్నించే వీలుంటుంది. అదీ కుదరకపోతే, ఆకాశం తేటగా ఉన్న రోజున చెన్నై మేడల మీద నుంచి కూడా రాకెట్ కనిపిస్తుంది, కాకపోతే ఆ చప్పుడుండదు.