భోజనానంతరము రక్తములో చక్కెర

తిన్న అన్నము రెండు గంటలలో అరిగిపోవునని మన ఇండ్లలో అనుకొందురు. ఆరోగ్యవంతుల రక్తములో చక్కెర సుమారు గంటకు గరిష్ఠస్థాయికి చేరి, రెండు మూడు గంటలలో మునుపటి స్థితికి దిగును. రెండవ రకపు మధుమేహమున అట్లు కాదు. భోజనారంభముననే క్లోమము విడువవలసిన తొలి విడత ఇన్సులిన్ కొరవడును. కాలేయము కూడ తన చక్కెర విడుదలను సకాలమున తగ్గించదు. అందుచే చక్కెర హెచ్చుగా పెరిగి, దిగుటకు నాలుగైదు గంటలు పట్టవచ్చును. ఎనిమిదింటి ఇడ్లీల చక్కెర దిగకముందే పదకొండింటికి తీపి టీ, బిస్కట్లు! ఒంటిగంటకు మరల అన్నము! రెండు గంటల పరీక్ష ఆ వేళకున్న స్థాయినే తెలుపును. పప్పు, కూర ముందుగా తిని, అన్నము కొలతగా పెట్టుకొని, పిదప పది పదిహేను నిమిషములు నడచినచో ఆ పెరుగుదల కొంత తగ్గును. మందులు వాడు పెద్దలను మాత్రము వైద్యుని అడుగక పస్తుంచరాదని మా మనవి. చక్కెర మరీ పడిపోవుటయు ప్రమాదమే.