ఒక్కరే వెళ్తున్నారా... గది ఎక్కడ?

‘‘ఒక్కదానివే ఎలా వెళ్తావే? కూకట్‌పల్లిలో మీ పెద్దమ్మగారి మరిది ఉన్నాడుగా, ఆ రెండ్రోజులూ వాళ్లింట్లో ఉండు!’’

గోదావరి జిల్లాల్లో ఆడపిల్ల హైదరాబాద్ ప్రయాణం అనగానే ఇంట్లో ముందుగా వినిపించే మాట ఇది. మంచి మాటే. కానీ పొద్దున తొమ్మిదింటికి గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ ఉన్న అమ్మాయి, తెల్లవారుజామున చుట్టాల తలుపు కొట్టి, కాఫీ తాగి, ఊళ్లో అందరి క్షేమ సమాచారాలూ చెప్పి బయటపడేసరికి ఏ వేళవుతుందో! వాళ్లకూ అది ఇబ్బందే. అందుకే చాలామంది గది తీసుకోవడమే నయమనుకుంటున్నారు.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. మనవైపు హోటలంటే పెసరట్టు ఉప్మా దొరికే చోటు. పడుకునే చోటు లాడ్జి. ఆ మాట వినగానే పెద్దవాళ్ల మొహాలు చిన్నబోతాయి. ఒంటరిగా వచ్చిన మహిళకు గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. అయినా కొన్నిచోట్ల కౌంటర్ దగ్గర ‘ఖాళీ లేదమ్మా’ అనేస్తారు. నెట్‌లో డబ్బు కట్టేశాం కదా అని ఊరుకోకుండా ఓసారి ఫోన్ చేసి ‘ఒక్కదాన్నే వస్తున్నా, తెల్లారి అయిదింటికి దిగుతా’ అని చెబితే సరి. రాత్రంతా రిసెప్షన్లో మనిషి ఉంటాడో లేదో, గేటు తీస్తారో లేదో ఆ ఒక్క ఫోన్‌తోనే తేలిపోతుంది. జవాబు నసుగుతూ వచ్చిందా... ఇంకో చోటు చూసుకోవడమే.

పని ఎక్కడో గది అక్కడే

తణుకులోనో పాలకొల్లులోనో ఉండే ఓ తల్లి సంగతి చూడండి. అమెరికాలో కూతురి పురిటికి వెళ్లాలి. వీసా ఇంటర్వ్యూకి తేదీ వచ్చింది. పదేళ్ల కిందట కొడుకు వీసాకి బేగంపేట వెళ్లిన గుర్తుతో ఆ పక్కనే గది మాట్లాడుకుంటే? అమెరికన్ కాన్సులేట్ 2023 మార్చిలోనే బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారిపోయింది. వేలిముద్రలు ఇచ్చే కేంద్రమేమో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో ఉంది. రెండూ నగరానికి పడమటి వైపే. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా చవగ్గా దొరికిందని గది తీసుకుంటే, పొద్దున్నే ట్రాఫిక్‌లో పాతిక కిలోమీటర్ల దాకా ఈదాలి. మిగిలిన నాలుగొందలూ ఆటోకే సరి!

రైలు ఎక్కడ ఆగుతుందో కూడా చూసుకోవాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లి వెళ్తుంది. గౌతమి లింగంపల్లి దాకా పోతుంది. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్ల దారులూ మారాయి. టికెట్ మీద దిగే స్టేషన్ పేరు చదివాకే గది సంగతి.

ఇక వేళ. రాజమండ్రిలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నగరంలో ఉంటాం. చాలా హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండు తర్వాతే. అందాకా సూట్‌కేసుతో ఎక్కడ కూర్చుంటారు? ‘24 గంటల చెకౌట్’ ఉన్నచోట ఏ వేళకు దిగితే ఆ వేళ నుంచే లెక్క. అద్దె వంద ఎక్కువైనా అదే లాభం. మొహం కడుక్కుని చీర మార్చుకుంటే చాలనుకునేవాళ్లకి పెద్ద స్టేషన్లలోని రిటైరింగ్ రూములున్నాయి. పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలోనే బుక్ చేసుకోవచ్చు. ఢిల్లీ, ముంబై, చెన్నై వెళ్లేవాళ్లయితే వైడబ్ల్యూసీఏ అతిథి గృహాలను అడిగి చూడొచ్చు.

మెట్లెక్కడ?

భద్రత అంటే అందరికీ గుర్తొచ్చేది తలుపు గడియ. నిప్పు మాత్రం గుర్తురాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఏం జరిగింది? కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం. పైన హోటల్. కింద అంటుకున్న మంటల పొగ పైఅంతస్తులను కమ్మేసింది. కొందరు కిటికీల్లోంచి దూకారు. ఎనిమిది మంది చనిపోయారు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ కరోల్‌బాగ్ హోటల్ ప్రమాదంలో 17 మంది ప్రాణాలు పోయాయి. ఇలాంటప్పుడు ఎక్కువమందిని బలి తీసుకునేది మంట కాదు, పొగ. కాబట్టి కింద ఏ దుకాణాలున్నాయో చూడాలి. రెండో మెట్లదారి ఎక్కడో అడగాలి. ఆ తలుపుకి తాళం వేసి ఉంటే అడిగి తీయించాలి. కిటికీకి కదలని ఇనుప ఊచలున్న గది వద్దనాలి. మరీ పై అంతస్తు కంటే ఒకటో రెండో అంతస్తు మేలు. నేల మీదిది కిటికీ భయంతో చాలామంది తీసుకోరు, అదీ నిజమే.

గదిలోకి వెళ్లాక కుర్రాడు ఉండగానే లోపలి గడియ పడుతుందో లేదో, బాత్రూం కిటికీ మూసుకుంటుందో లేదో చూసేయాలి. బాగాలేకపోతే మొహమాటం లేకుండా వేరే గది అడగాలి. మనవాళ్లకి ఈ మొహమాటమే పెద్ద జబ్బు. రిసెప్షన్లో గది నంబరు పైకి అరిచి చెబితే, మార్చి ఇవ్వమనడంలో తప్పు లేదు. ఆధార్ కాపీకి బదులు చివరి నాలుగంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇవ్వొచ్చు. అసలు కార్డు మాత్రం వాళ్ల దగ్గర వదలొద్దు. ఏ కాస్త అనుమానం వచ్చినా 112. రైల్లో ఉండగా అయితే 139.

హోటల్ పేరు, ఫోను నంబరు ఓ కాగితం మీద రాసి ఇంట్లో క్యాలెండర్ పక్కన అంటిస్తే నాన్నకి నిద్ర పడుతుంది. ఆ కూకట్‌పల్లి బాబాయిగారింటికి పనయ్యాక సాయంత్రం పూతరేకుల పొట్లంతో వెళ్లి కూర్చుంటే, ఆయనకీ కోపం ఉండదు.