కంటి యాకలి

ఆకలి కడుపులో పుట్టునని మనమందఱము చెప్పుకొందుము. కాని కంటిలోను ఆకలి పుట్టును. సంతలో మిరపకాయ బజ్జీలు నూనెలో కాగుచుండగా, అప్పుడే భోజనము ముగించి వచ్చినవాడును ఒక నిమిషము నిలిచి చూచును. ఈ కంటి యాకలి నాశ్రయించి లోకమందొక క్రొత్త వేడుక వ్యాపించియున్నది. ఒకరు కెమెరా యెదుట కూర్చుండి, పళ్లెముల నిండ పదార్థములు పేర్చుకొని తినుచుందురు. లక్షలకొలది జనులు తమ సెల్‌ఫోనులలో దానిని చూచుచుందురు. మన కొలిమిగుండ్లలోను ఈ వేడుకకు అలవాటుపడిన పిల్లలు కలరు. కావున దీని మంచి చెడ్డలను విద్యార్థులకును వారి తలిదండ్రులకును కొంచెము విన్నవింపదలచితిమి.

ఈ వేడుక సుమారు 2010వ సంవత్సర ప్రాంతమున దక్షిణ కొరియా దేశమున ప్రబలినది. అచ్చటివారు దీనిని ముక్‌బాంగ్ అందురు. తినుట యను మాటను, ప్రసారమను మాటను కలిపి ఈ పేరు చేసిరి. ఆ దేశమున ఒంటరిగా కాపురముండువారు పెక్కురు. పగలెల్ల పనిచేసి, రాత్రి గదికి చేరి, ఒక్కడే అన్నము తినువానికి ఎదుట నొక మనిషి మాటలాడుచు తినుచున్నట్లు కనబడుట ఊరటగా నుండెను. కావున దీనిని కేవలము తిండిపోతుతనమని తీసివేయరాదు. దీని వేళ్లలో నొకటి ఒంటరితనము.

మన తెలుగువారిలోను తిండి వీడియోలచే లోకప్రసిద్ధులైనవారు కలరు. నూఱేండ్లు దాటిన ముదుసలి మస్తానమ్మగారు పొలముగట్టున కట్టెలపొయ్యిపై పుచ్చకాయలో కోడికూర వండగా దేశదేశముల వారు చూచిరి. ఆమె 2018 డిసెంబరులో కాలధర్మము నొందెను. తెలంగాణకు చెందిన నారాయణరెడ్డిగారు పెద్ద పాత్రలలో వండి అనాథబాలురకు పెట్టుచుండిరి. ఆయన 2019 అక్టోబరులో దివంగతులైరి. నారాయణరెడ్డిగారి వంట తుదకు పిల్లల విస్తళ్లలోనికి పోయెను. ముక్‌బాంగులోనో, పదిమందికి సరిపడు తిండి ఒక్కని కడుపులోనికి పోవును. చూచుటకు రెండును తిండి వీడియోలే. కాని ఒకటి పెట్టుట నేర్పును, రెండవది మింగుట నేర్పును.

చూచినమాత్రమున మన శరీరమునకేమగును? రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ గారు కుక్కలపై పరీక్షలు చేసి, తిండి నోటికి రాకమునుపే నోరూరుననియు, జఠరరసము స్రవించుననియు చూపిరి. జీర్ణక్రియను గూర్చిన కృషికి 1904లో వారికి నోబెల్ బహుమానము లభించెను. జర్మనీలోని మ్యూనిచ్ నగరమున 2012లో ప్రకటింపబడిన పరిశోధనలో, తిండి పటములను చూచినవారి నెత్తుటిలో ఆకలిని పెంచు గ్రెలిన్ అను హార్మోను హెచ్చినట్లు తేలినది. అనగా, కడుపు నిండియున్నను కన్ను ఆకలిని పిలువగలదు.

తినుచు చూచుట మఱింత కీడు. కడుపు నిండినదను వార్త మెదడునకు చక్కగా చేరుటకు సుమారు ఇరువది నిమిషములు పట్టును. మనస్సు తెరపై నున్నప్పుడు ఆ వార్తను మనము వినము. ఇట్లు పరధ్యానముగా తినువారు ఆ పూటయందే గాక తరువాతి పూటయందును ఎక్కువ తిందురని పెక్కు పరిశోధనలు తెలిపినవి. తిన్నది జ్ఞాపకముండకపోవుటయే దీనికొక కారణము.

దీనికి ప్రతికూలమైన సంగతియు కలదు. డెన్మార్కు దేశపు ఆర్హూస్ విశ్వవిద్యాలయమువారు ఒకే మిఠాయి పటమును ముప్పదిమారులు చూపగా, చూచినవారు తృప్తి నొందినట్లు చెప్పిరి. కాబట్టి కొందఱికి చూపు ఆకలిని హెచ్చించును, కొందఱికి తగ్గించును. ఈ రెండవదియే మమ్ము భయపెట్టుచున్నది. బరువు పెరుగుదుమను భయమున అన్నము మాని, ఇతరులు తినుచుండగా చూచి సరిపెట్టుకొను బాలికకు నెత్తురెట్లు పట్టును? కంటి తృప్తిలో ఇనుము లేదు, మాంసకృత్తులు లేవు. మన బెలుము గుహలను పటములో చూచినవానికి అందలి ఉక్క తెలియనట్లే, తెరపై విందు చూచిన దేహమునకు బలము రాదు.

తెరపై కనబడునదంతయు నిజమనియు నమ్మరాదు. నమలి ఉమిసివేసి ఆ భాగమును కత్తిరించువారు కలరు. అంత తినియు సన్నగా నుండువానిని చూచి, తామును అట్లుండవచ్చునని పిల్లలు భ్రమపడుదురు. నిజముగా తినువారికి స్థూలకాయము, రక్తపుపోటు, మధుమేహము మొదలగు ఆపదలు కలవు. ఇందుచేతనే దక్షిణ కొరియా ప్రభుత్వము 2018లో స్థూలకాయమును అరికట్టు ప్రణాళికలో ఈ వీడియోలను గూర్చియు ఆలోచించెను. చైనా దేశము 2021లో చేసిన ఆహార వ్యర్థ నిరోధక చట్టమున, అతిగా తినుటను ప్రసారము చేయువారికి జుల్మానా విధించెను.

మా యెఱుకలోని సంగతి యొకటి చెప్పెదము. ఒక విద్యార్థి ఎదుట ఫోను నిలిపిననే గాని ముద్ద ముట్టడయ్యెను. ఒకనాడు కరెంటు పోయి ఫోను ఆరిపోగా, జొన్నరొట్టెయు ఊరిబిండియు ముందుండియు, ఆకలి లేదని లేచిపోయెను. తల్లి కన్నీరు పెట్టుకొనెను. మఱునాటినుండి తండ్రి రాతిపని ముగించి వచ్చువఱకు వేచి, ముగ్గురును కలిసి కూర్చుండ నారంభించిరి. మొదటి వారము బాలుడు మూతి ముడుచుకొనెను. నెల తిరుగునప్పటికి బడిలో జరిగిన కథలు తానే చెప్పసాగెను. వానికి కావలసినది వీడియో కాదు, తోడు.

తలిదండ్రులారా, ఏడ్చు పసిబిడ్డకు ఫోను చూపి అన్నము పెట్టకుడు. ఉపాధ్యాయులారా, బోర్డింగు భోజనశాలలో ఒంటిగా కూర్చున్న పిల్లవాని ప్రక్కన ఒకనిని కూర్చుండబెట్టుడు. ఎవరైన దాచుకొని అతిగా తినుచున్నను, తిని కక్కుచున్నను, తిండి మానుచున్నను తిట్టకుడు. అది రోగలక్షణము కావచ్చును. వైద్యునకు చూపుడు, ప్రభుత్వమువారి టెలిమానస్ 14416 నంబరునకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

విద్యార్థులారా, వంటల వీడియో చూచి ఒక క్రొత్త కూర నేర్చుకొన్న, అది విద్యయే. కాని విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఫోనును గూటిలో పెట్టి, ప్రక్కవానికి రొట్టె చాలినదా యని అడుగుడు. తెరపై నున్నవాడు ఎంత తినినను మిమ్ములను ఆ మాట అడుగడు.