ముందు గాయం, తర్వాతే కాగితం



కొన్నేళ్ల క్రితం మా సంఘ సోదరుడొకరికి పొలం గట్టు తగాదాలో చేతిపై కొడవలి వేటు పడింది. భార్య, తమ్ముడు ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. "ఇది పోలీసు కేసు. ముందు స్టేషను నుండి కాగితం తెండి" అన్నారక్కడ. నేను వెళ్లేసరికి ఆ సోదరి తన కొంగుతో భర్త గాయాన్ని అదిమిపట్టి మెట్లమీద కూర్చుంది. "అయ్యగారూ, మరిది ఇంకా రాలేదు. రక్తం ఆగడంలేదు" అంది. నేనూ లోపలివారిని అడగలేదు. కాగితం కోసమే ఎదురుచూశాను. గంట గడిచింది. ఆయన బ్రతికాడు గాని, ఆ చేతి రెండు వేళ్లు నేటికీ ముడవవు.

తర్వాత తెలిసింది. పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా గాయపడినవారికి వెంటనే చికిత్స చేయాలి, చట్టపరమైన లాంఛనాల కోసం ఆపకూడదు. పోలీసులకు కబురు ఆసుపత్రివారే పంపవచ్చు.

కనుక ఇలాంటి ఆపద వస్తే 108కి ఫోను చేయండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదమండి. గుచ్చుకున్న కత్తిని లాగకండి. కాగితం అడిగితే ఈ తీర్పును మర్యాదగా, గట్టిగా గుర్తుచేయండి.

మంచి సమరయుడు మొదట గాయాలు కట్టాడు. నేను ఆ కథపై ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ రోజు మాత్రం మెట్లమీదే నిలబడిపోయాను. మీరు నిలబడిపోకండి.