ఇంట్లో పూసల పనికి ముందు ఇంటి భద్రత

పాపానాయుడుపేట: తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని ఈ గ్రామం గాజు పూసలకు తరతరాలుగా పేరు పొందింది. కొలిమిలో కరిగిన గాజును బోలుగా, పొడవుగా లాగి, సన్నని గొట్టాలను ముక్కలుగా నరికి, మళ్ళీ వేడి చేసి అంచులు నున్నగా చేయడం ఇక్కడి పాత పద్ధతి. పుదుచ్చేరి వద్ద గల అరికమేడులో ప్రాచీన కాలంలోనే ఇటువంటి పూసలు తయారైనట్లు తవ్వకాల వల్ల తెలిసింది.

కొలిమి పెట్టే స్తోమత లేనివారు గ్యాసు మంట మీద గాజు కడ్డీ కరిగించి, మట్టి పూత పూసిన ఇనుప ఊచకు చుట్టి, ఇంటివద్దనే ఒక్కొక్క పూస చేసుకోవచ్చు. అయితే వంటింటి మూలన బల్ల వేసి మొదలుపెడితే ఇంటిల్లిపాదికీ ముప్పే.

చోటు, గ్యాసు

పూరిపాకలో ఈ పని బొత్తిగా కూడదు. సిమెంటు నేల గల వేరే గది కావాలి. బల్లపై ఇనుప రేకు పరచాలి. పాత ఆస్‌బెస్టాస్ రేకు ముక్కలు వాడరాదు, వాటి నూగు ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. సిలిండరును గది బయట నిలువుగా ఉంచాలి. వంటగ్యాసు గాలికంటె బరువు గనుక కారితే నేలబారున, గుంటల్లో నిలుస్తుంది. గొట్టం అతుకులకు సబ్బునీళ్ళు రాస్తే, బుడగలు వచ్చినచోట గ్యాసు కారుతున్నట్లే. ఇంటి వాడకానికిచ్చిన సిలిండరును వ్యాపారానికి వాడటం చట్టరీత్యా నేరం.

కళ్ళు, ఊపిరి

కిటికీ ఒక్కటే చాలదు. మంటకు ఎదురుగా పొగను బయటికి లాగే ఫ్యాను, పనివారి వెనుకవైపు నుంచి మంచిగాలి వచ్చే దారి ఉండాలి. గాజు కరిగేటప్పుడు వచ్చే పసుపు వెలుగులో పూస సరిగా కనిపించదు. అందుకు డిడీమియం కళ్ళద్దాలు కావాలి. ఎండకు పెట్టుకునే నల్లద్దాలు పనికిరావు. కడ్డీ చిట్లినప్పుడు ఎగిరే పెంకుల నుంచి కూడా ఆ అద్దాలే కాపాడుతాయి. మట్టి పూత పొడి, గాజు పొడి చీపురుతో ఊడిస్తే గాలిలో లేచి ఊపిరిలోకి పోతాయి. తడిగుడ్డతో తుడవాలి. పూసను అరగదీసేటప్పుడు నీళ్ళు పోస్తూ అరగదీయాలి.

నూలు బట్టలే కట్టుకోవాలి, నైలాను కరిగి ఒంటికి అంటుకుంటుంది. కొంగు దోపుకొని, జుట్టు ముడి వేసుకోవాలి. పిల్లలను గదిలోకి రానీయరాదు.

వేడి పూసను ఒక్కసారిగా చల్లార్చితే పగులుతుంది. సుమారు 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల చిన్న బట్టీలో పెట్టి మెల్లగా చల్లారనివ్వాలి. వేడి గాజు, చల్లని గాజు చూపుకు ఒక్కలాగే ఉంటాయి. చేతులు కాలేది ఎక్కువగా ఇక్కడే. కాలితే వెంటనే ఉంగరాలు, గాజులు తీసి, 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచాలి. సిరా, పేస్టు పూయరాదు. కంట్లో పెంకు పడితే నలపకుండా ఆసుపత్రికి పోవాలి.

డబ్బు చాలకపోతే రంగు కడ్డీలు నాలుగు తగ్గించి కొనవచ్చు గాని, కళ్ళద్దాలు, ఫ్యాను మానుకోరాదు. ఈ పని చేపట్టదలచిన అక్కచెల్లెళ్ళు మొదటి పూసకంటె ముందే వీటిని సమకూర్చుకోగలరని ఆశిద్దాం.